పెళ్ళి ఫోటో, వీడియో పని: మన యువకులకు నాలుగు మాటలు

(సంఘం వార్షిక సభలో, స్వయం ఉపాధి విషయమై చేసిన ప్రసంగం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. కెమెరా వెనుక నిలబడేవాణ్ణి గాని మైకు ముందు నిలబడేవాణ్ణి కాను. అయినా "మన పిల్లలు ఏదో ఒక పని చేసుకుని బతకాలి, నీ పని సంగతి చెప్పు" అని పెద్దలు ఆజ్ఞాపించినారు గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

మొదట ఒక మాట. ఫోటో తీయించుకోవచ్చునా, కూడదా అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, ఫోటోగ్రాఫరు చెప్పేది కాదు. కొన్ని ఇళ్ళలో వద్దంటారు. వద్దన్న ఇంట్లో కెమెరా సంచి విప్పకుండా భోజనం చేసి దువా చేసి రావడం మన మర్యాద. నేను చెప్పేది కావాలని పిలిచే ఇళ్ళ సంగతి.

ఈ విద్య మనకు కొత్త కాదు

హైదరాబాదు రాజ్యంలో ఫోటో విద్యకు గౌరవం తెచ్చినవాడు లాలా దీన్ దయాళ్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి, ఆయన చేత ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందినాడు. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు గొప్పగా కనిపించేది ఒకటి ఉన్నది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచినాడు. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానికి అప్పగించినాడు. స్త్రీలను స్త్రీయే ఫోటో తీసే ఏర్పాటు అన్నమాట.

ఆలోచించండి. పరదా ఉన్నది గనుక ఇక్కడ వ్యాపారం జరగదని ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. పరదాకు తగిన ఏర్పాటు చేసి వ్యాపారం నడిపినాడు. నూట ముప్పై ఏండ్లు దాటినా మన వికారాబాద్‌లో, తాండూరులో ఆ ఏర్పాటు ఇంకా పూర్తిగా చేసుకోలేకపోయినాము. ఈ మాటకు తర్వాత మళ్ళీ వస్తాను.

రీలు నుంచి కార్డు దాకా

రీలు కాలంలో ఒక రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. పెళ్ళికి నాలుగైదు రీళ్ళు తీస్తే గొప్ప. రంగుల రీళ్ళు కడిగించాలంటే వికారాబాద్ స్టేషన్‌లో రైలెక్కి దాదాపు డెబ్బై కిలోమీటర్లు హైదరాబాదు పోవాలి. తాండూరు నుంచి ఇంకా దూరం. ఫోటో బాగా వచ్చిందా, కళ్ళు మూసుకుపోయినాయా అన్నది ప్రింట్లు వచ్చిన రోజే తెలిసేది. అందుకని ఆనాటివాళ్ళు బటన్ నొక్కేముందు ఒకసారి ఆలోచించేవారు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. దాని వెనుకనే వీడియో వచ్చింది. వి.హెచ్.ఎస్. క్యాసెట్టు, మూడు గంటల నిడివి. భుజం మీద మోసే పెద్ద కెమెరా, దాని వెంట వెయ్యి వాట్ల లైటు, ఆ లైటు పట్టుకునే పిల్లవాడు, వాని వెనుక జనం కాళ్ళకు తగిలే వైరు. ఆ వెలుతురుకు పెళ్ళికూతురు చెమటలో తడిసిపోయేది. రెండు వి.సి.ఆర్.లు పక్కపక్కన పెట్టి ఒకదానినుంచి ఇంకొకదానికి ఎక్కించడమే ఎడిటింగు. ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంచెం మసకబారేది. అయినా ఆ క్యాసెట్టుకు ఎంత విలువ! దుబాయిలోనో జెద్దాలోనో పనిలో ఉండి చెల్లెలి నికాహ్‌కు రాలేకపోయిన అన్నకు, పోయేవారి చేతికిచ్చి ఆ క్యాసెట్టు పంపేవారు.

ఈ రోజు ఆ అన్న ఫోనులోనే నికాహ్ ప్రత్యక్షంగా చూస్తున్నాడు. చుట్టాలందరి చేతిలో ఫోను ఉన్నది, ఫోనులో మంచి కెమెరా ఉన్నది. మరి మనల్ని ఎందుకు పిలవాలి? ఈ ప్రశ్నకు జవాబు తెలియనివాడు ఈ పనిలోకి రాకూడదు.

మనల్ని ఎందుకు పిలుస్తారు

యంత్రం కోసం పిలవరు. సమయం తెలిసినవాడని పిలుస్తారు. నికాహ్‌లో వకీలు, గవాహులు పెళ్ళికూతురి దగ్గరకు పోయి ఆమె అంగీకారం అడిగే క్షణం ఒకటి, ఆమె సంతకం ఒకటి, పెళ్ళికొడుకు ఖుబూల్ అనే మాట ఒకటి, ఖుత్బా తర్వాత ఖర్జూరాలు పంచుతుండగా తండ్రి కండ్లు తుడుచుకోవడం ఒకటి. తర్వాత జల్వా, విదాయి, వలీమా. వీటిలో ఏదీ రెండోసారి జరగదు. చుట్టాలు ఆ సమయానికి ఏడుస్తుంటారు, లేదా బిర్యానీ దేగుల దగ్గర ఉంటారు.

మన చిన్న ఊళ్ళలో మన ఇళ్ళ పెళ్ళిళ్ళతోనే దుకాణం నడవదు. హిందూ సోదరుల పెళ్ళిళ్ళు కూడా చేస్తాము, చేయాలి. అక్కడ జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ ఉన్నది. తెర తొలగేసరికి ఇద్దరి ముఖాలూ కనబడే చోట మనం నిలబడి ఉండాలి. పంతులుగారిని ముందే అడిగి తెలుసుకోవాలి. మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు, ఏది ఎప్పుడో మనకు కంఠతా రావాలి. చెప్పులు ఎక్కడ విడవాలో, మండపంలో ఎక్కడ కాలు పెట్టకూడదో తెలిసిన ఫోటోగ్రాఫరును ఏ మతంవారైనా "మా ఫోటో భాయి" అనే పిలుస్తారు. తాండూరు కర్ణాటక సరిహద్దు ఊరు. అటువైపు పెళ్ళికి పోతే కన్నడం నాలుగు ముక్కలు రావాలి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు దాటితే కన్నడం వచ్చిన మన పిల్లలకు ఇది పెట్టుబడి లేకుండా వచ్చిన ఆస్తి.

క్యాలెండరు సంగతి కూడా చూసుకోవాలి. హిందువులకు ఆషాఢం, మూఢం ఉంటే గిరాకీ ఉండదు. మనకు రంజాన్‌లో ఉండదు, ముహర్రం, సఫర్‌లలో చాలామంది పెట్టుకోరు. మన సంవత్సరం సుమారు పదకొండు రోజులు తక్కువ గనుక ఈ నెలలు ఏటేటా ముందుకు జరుగుతుంటాయి. 2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది, 2025లో మార్చిలో వచ్చింది. కొన్నేండ్లు రెండు ఖాళీలు వేరువేరుగా వచ్చి ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. కొన్నేండ్లు రెండూ ఒకేసారి వచ్చి రెండు మూడు నెలలు షట్టరు ఎత్తడమే దండగ అనిపిస్తుంది. ఏడాది మొదట్లోనే రెండు క్యాలెండర్లూ పక్కన పెట్టుకుని, ఖాళీ నెలల కిరాయి, ఇంటి ఖర్చు ముందుగానే తీసిపెట్టుకోవాలి.

లెక్క రాయనివానికి లాభం కనబడదు

చాలామంది పిల్లలు ఇరవై వేలకు పెళ్ళి ఒప్పుకుని, పెట్రోలు, ఆల్బం, సహాయకుని కూలి తీసేసి మిగిలినదంతా లాభమనుకుంటారు. అది తప్పు. ఉదాహరణ చెబుతాను. లక్షన్నర పెట్టి కెమెరా కొన్నారనుకోండి. మంచి కెమెరాల షట్టరు లక్షన్నర నుంచి రెండు లక్షల క్లిక్కుల వరకు పనిచేస్తుందని కంపెనీలు చెబుతాయి. పెళ్ళికి రెండున్నర వేల ఫోటోలు తీస్తే నలభై పెళ్ళిళ్ళకు లక్ష క్లిక్కులు. అంటే ఏడాదిన్నర, రెండేండ్లలో షట్టరు మార్చే సమయం వస్తుంది. మూడేండ్లలో ఆ కెమెరాకు బజారులో విలువే ఉండదు. నూట ఇరవై పెళ్ళిళ్ళకు లక్షన్నర భాగిస్తే పెళ్ళికి 1,250 రూపాయలు కెమెరా అరుగుదలకే పోయింది. లెన్సులు, లైట్లు, కంప్యూటరు దీనికి వేరే. ఆ సొమ్ము పక్కన పెట్టనివాడు మూడేండ్ల తర్వాత మళ్ళీ అప్పుకు పోతాడు.

కాబట్టి మొదట రెండేండ్లు ఒకరి దగ్గర సహాయకుడిగా పని నేర్చుకోండి. డ్రోను, పెద్ద లెన్సు కిరాయికి తెచ్చుకోండి. డ్రోను విషయంలో 2021 నిబంధనలు ఉన్నాయి. 250 గ్రాములు మించిన డ్రోనును సంపాదన కోసం ఎగరవేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అనంతగిరి కొండలకు పెళ్ళికి ముందు ఫోటోల కోసం హైదరాబాదు నుంచి కూడా జంటలు వస్తున్నాయి. మన గడప ముందున్న ఈ గిరాకీ మనకు అందాలంటే కాగితాలు సరిగ్గా ఉండాలి. అది అడవి అన్న సంగతి కూడా మరువకూడదు.

అమానత్

ఈ పనిలో అసలు మాట ఇది. పెళ్ళింటివారు మనకిచ్చేది ఆర్డరు మాత్రమే కాదు, అమానత్. వాళ్ళ ఆడపిల్లల ముఖాలు మన కార్డులో ఉంటాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. మన దేశపు 1957 కాపీరైటు చట్టం, 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకుంటే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. తీసినవాడు కాడు. అంటే అడగకుండా పెళ్ళికూతురి ఫోటో దుకాణం అద్దంలో పెట్టడం గాని, ఫోనులో నలుగురికీ కనబడేటట్టు వేయడం గాని మనకు చెల్లదు. చట్టం లేకున్నా అది చేయదగిన పని కాదు. సంబంధం మీద మచ్చ పడితే బాధ పడేది ఆ పిల్ల, మనం కాదు.

ఫోటోలు పోగొట్టడం కూడా అమానత్‌లో ద్రోహమే. రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే రెండింటిలోనూ ఒకేసారి ఎక్కించండి. ఈనాటి 4కె వీడియో సాధారణంగా సెకనుకు నూరు మెగాబిట్ల చొప్పున ఎక్కుతుంది, అంటే గంటకు 45 గిగాబైట్లు. నాలుగు గంటలకు 180. జాగా చాలదని పెళ్ళి మధ్యలో పాత కార్డు చెరిపేసేవాళ్ళను చూసినాను. ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కులలోకి ఎక్కించి, ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో పెట్టినాకనే నిద్రపోవాలి.

మరి డబ్బు సంగతి. ఒక ఇంట్లో వలీమా అయిపోయినాక "అన్నంత బాగా రాలేదు" అని సగం సొమ్ము ఎగ్గొట్టినారు. ఇంకొకచోట ఫోటోగ్రాఫరే బాకీ కోసం ఆల్బం ఏండ్ల తరబడి దాచుకున్నాడు. రెండూ తప్పే. ఎన్ని ఫోటోలు, ఎన్ని నిమిషాల వీడియో, ఎప్పుడిస్తారు, ఎంత అడ్వాన్సు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడితే తగాదా ఉండదు. అప్పు రాసుకోమని మన దీన్ కూడా చెబుతున్నది గదా!

పాత క్యాసెట్ల మాట

అమ్మలకు, అక్కలకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో ఇనుప బీరువాలపైన పాత వి.హెచ్.ఎస్. క్యాసెట్లు ఉంటాయి. వానాకాలపు తేమకు టేపు మీద బూజు పడుతున్నది. వి.సి.ఆర్.లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయి, 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఉన్న మిషన్లు పాడైతే కొత్తవి రావు. ఆ క్యాసెట్లలో ఈ రోజు మన మధ్య లేని నానా, నానీల నడక ఉన్నది, గొంతు ఉన్నది. ఫోటోలో గొంతు ఉండదు. ఆలస్యం చేయకుండా వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోండి. బూజు పట్టినదాన్ని మాత్రం మిషన్‌లో పెట్టకండి. టేపు తెగుతుంది, మిషనూ పాడవుతుంది. తెలిసినవారి చేత ముందు శుభ్రం చేయించండి.

చివరగా సంఘానికి మూడు మనవులు

మొదటిది, మన ఆడపిల్లలకు ఈ పని నేర్పించాలి. జనానా వైపు ఫోటో తీయడానికి స్త్రీలు దొరక్క ఎన్నో ఇళ్ళలో ఇబ్బంది పడుతున్నారు. కుట్టుమిషను నేర్పించినట్టే కెమెరా, ఎడిటింగు నేర్పిస్తే ఇంటి గౌరవమూ నిలుస్తుంది, ఆ పిల్లకు సంపాదనా వస్తుంది. ఎడిటింగు ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

రెండవది, పనిచేసే ఒక వి.సి.ఆర్. ఎక్కడైనా సంపాదించి సంఘంలో ఉంచాలి. క్యాసెట్లు ఎక్కించే పని నేను కూలి లేకుండా చేసిపెడతాను.

మూడవది నా పొట్ట మీద నేనే కొట్టుకునే మాట. ప్రభుత్వం 2014లో షాదీ ముబారక్ పథకం 51 వేలతో మొదలుపెట్టి, 2018 నుంచి 1,00,116 రూపాయలకు పెంచింది. అది పేదింటి పిల్ల పెళ్ళికి ఆసరాగా ఇచ్చింది. దానిలో సగం ఆల్బంకూ, డ్రోనుకూ పోతే ఆ ఇల్లు మళ్ళీ అప్పులో పడుతుంది. పక్కింటివారు చేయించినారని మీరు చేయించకండి. నూరు మంచి ఫోటోలు, అరగంట వీడియో చాలు. అప్పు చేసి తీయించిన ఆల్బంను ఎవరూ సంతోషంగా తిప్పి చూడరు. ఇంత ఖర్చు వద్దని గిరాకీకి తానే చెప్పే ఫోటోగ్రాఫరును ఆ ఇంటివారు మరువరు, తర్వాతి పెళ్ళికి కూడా అతన్నే పిలుస్తారు.

 పని నేర్చుకోవాలనుకునే పిల్లలు అస్ర్ నమాజు తర్వాత ఎప్పుడైనా నా దుకాణానికి రావచ్చు. సెలవు. ఖుదా హాఫిజ్.