ఆటలో ఒక మహారాణి, ఓరుగల్లులో ఒక మహారాణి



బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. చేతిలో కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు పాత్రలై మాట్లాడతారు. అదే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట. అందులో రావెన్‌లాఫ్ట్ అనే భయం నిండిన లోకం ఉంది. అక్కడ ఒక్కో రాజ్యానికి ఒక్కో దుష్ట పాలకుడు.

2021లో వచ్చిన రావెన్‌లాఫ్ట్ పుస్తకంలో మన దేశాన్ని తలపించే రాజ్యం ఒకటుంది. పేరు కాలకేరి. ఏలేది మహారాణి రమ్య. తండ్రి ఆమెనే వారసురాలిని చేశాడు. తోడబుట్టినవాళ్లు ఓర్వలేకపోయారు. యుద్ధం వచ్చింది. చావు కూడా ఆ యుద్ధాన్ని ఆపలేదు.

ఓరుగల్లు వాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. కాకతీయ రాజు గణపతిదేవుడు కూతురు రుద్రమకే రాజ్యం అప్పగించాడు. ఆడది ఏలడమేమిటని సామంతులు తిరగబడ్డారు. సవతి సోదరులూ ఎదురు తిరిగారని ప్రతాపచరిత్ర అనే పాత గ్రంథం చెబుతుంది. రుద్రమ నిలిచింది. గెలిచింది.

రెండు కథల మొదలూ ఒకటే. తండ్రి ఇచ్చిన రాజ్యం, అయినవాళ్ల అసూయ. కానీ రమ్య పగలోనే ఉండిపోయింది. రుద్రమ పాలన మీద మనసు పెట్టింది, ఓరుగల్లు రాతికోట గోడ ఎత్తు పెంచింది.

ఈ ఆట నడిపే పిల్లలకు ఒక మాట. దుష్టరాణి అనగానే జుట్టు విరబోసి, గోళ్లు పెంచి వదిలేయకండి. ఆమెకు ఏ అన్యాయం జరిగిందో ముందు రాయండి. రాసేముందు ఒకసారి ఖిలా వరంగల్ వెళ్లి, ఆ గోడ పక్కన నడిచి రండి.