చేతికి కూడా డ్యూటీ వెయ్యాలి

నేను డాక్టర్ని కాదు, డిప్లొమా చదివిన సైట్ సూపర్‌వైజర్ని. పక్షవాతం వచ్చిన మనిషితో ఒకే రూములో ఉన్నాను కాబట్టి నన్ను మాట్లాడమన్నారు.

మా రూములో షట్టరింగ్ పని చేసే జగిత్యాల అన్నకు రెండేళ్ల కింద స్ట్రోక్ వచ్చింది. కాలు కొంచెం కుదిరి నడిచాడు. ఎడమ చెయ్యి మాత్రం వేలాడిపోయింది. ఫిజియో రోజుకు అరగంట. మిగతా రోజంతా చెయ్యి ఒళ్లో పడి ఉండేది. మంచం మీంచి లేపేటప్పుడు నేనే ఆ చెయ్యి పట్టుకుని గుంజేవాణ్ణి. ఫిజియో తిట్టాక తెలిసింది, అట్లా గుంజితే పట్టు లేని భుజం కీలు జారుతుందని. నొప్పి మొదలైతే ఇక ఎక్సర్‌సైజే చెయ్యనివ్వదు. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు పెట్టాలి.

తర్వాత కంపెనీ ఇంటికి పంపేసింది. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: ఆరు నెలల్లో రానిది ఇక రాదు.

అది పూర్తి నిజం కాదన్నా. లండన్‌లో క్వీన్ స్క్వేర్ నరాల ఆసుపత్రిలో చేతి కోసమే మూడు వారాల ట్రైనింగ్ ఉంది. రోజుకు ఆరు గంటలు, మొత్తం 90 గంటలు. మన షిఫ్టు లెక్కే. 2019లో 224 మంది ఫలితాలు ప్రకటించారు. దాదాపు సగం మందికి స్ట్రోక్ వచ్చి ఏడాదిన్నర దాటింది. అయినా చెయ్యి మెరుగైంది, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచింది. అయితే ట్రైనింగ్ లేనివాళ్లతో పోల్చి చూడలేదు. అసలు కదలని చేతిని, బాగా నొప్పి ఉన్న భుజాన్ని తీసుకోలేదు కూడా.

మనకు లండన్ ఎక్కడిది? కానీ పద్ధతి చూడండి. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను వందలసార్లు చేయిస్తారు. బాగా దెబ్బతిన్న చేతికి చొక్కా గుండీ దూరం. గిన్నె కదలకుండా అదిమి పట్టడం, సంచి మోచేతికి తగిలించుకోవడం, ఇవి ముందు.

ఇప్పుడు ఫిజియో చూపించినట్టు అన్న బల్ల మీద తువ్వాలు ముందుకు తోస్తాడు. వదిన చింతగింజలతో లెక్క పెడుతుంది. పోయిన శుక్రవారం వీడియో కాల్‌లో ఎడమ చేత్తో పళ్లెం అదిమి పట్టి, కుడి చేత్తో అన్నం కలిపాడు. వేళ్లు ఇంకా తెరుచుకోవడం లేదు.

"మళ్లీ పనికి రావచ్చా తమ్మీ?" అన్నాడు.

షట్టరింగ్‌కు రాలేవన్నా అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, పళ్లెం చూసినవా, కదల్లే" అన్నాడు.