వాన నీరు – వీధి చెట్లు – ఉద్యోగి హక్కు
(ఖరగ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనములు, కరువు భత్యము, పింఛను – ఇవి మన సంఘముల నిత్య సమస్యలు. నేడు మనము నివసించు వీధిని గూర్చి మాట్లాడదలచితిమి. నివాసయోగ్యమైన క్వార్టరు వలెనే, నడువదగిన వీధియు ఉద్యోగి హక్కే.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణమును ఎర్రని లాటరైట్ నేలపై నిర్మించినది. ఇచ్చటి వర్క్‌షాపు కార్మికులు 1927లో సమ్మె సాగించిరి. కోస్తా జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడినవి. ఏటా సుమారు 1500 మిల్లీమీటర్ల వర్షము కురియు ఈ పట్టణమున వేసవిలో నీటికై ఎదురుచూడవలసి వచ్చుట ఏమి న్యాయము?

ఒక చిన్న లెక్క చూడుడు. వీధి, ఇంటి కప్పులు కలిసి 1000 చదరపు మీటర్లనుకొందము. 50 మిల్లీమీటర్ల వాన పడినచో 50,000 లీటర్ల నీరు. చెట్లున్న మట్టి నేల అందులో కొంత త్రాగును. సిమెంటు నేల దాదాపు అంతయు కాలువలోనికి నెట్టును. ఆ నీరు పల్లమున నున్న వారి గుమ్మము తట్టును.

దీనికి ఉపాయము కలదు. రోడ్డు ప్రక్కన పల్లపు పట్టీ త్రవ్వి, అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మట్టి వేసి, గడ్డి, చెట్లు పెంచవలెను. రోడ్డు అంచున గండ్లు పెట్టినచో వాన నీరు అందులో దిగి ఇంకును. మిగిలినది పాత కాలువలో పోవును. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము 2011లో ఇట్టి పనులకు 25 ఏండ్ల ప్రణాళిక చేపట్టినది. చైనా 2015లో 16 నగరములను ఎంపిక చేసినది.

అయితే మన లాటరైట్ నేల కొన్నిచోట్ల రాయివలె గట్టిది. కావున ముందుగా గుంట త్రవ్వి, నీరు పోసి, ఎంతసేపటికి ఇంకునో చూడవలెను. రెండు దినములకు మించి నీరు నిలిచినచో దోమలు పెరుగును. మురుగు నీరు అందులో కలియరాదు. విద్యుత్ తీగల క్రింద, నీటి గొట్టములపై పెద్ద చెట్లు నాటరాదు. తగిన చోట కానుగ, నేరేడు, తెల్లమద్ది నాటవచ్చును. వాని మొదళ్లను సిమెంటుతో బిగింపరాదు.

మే నెల మధ్యాహ్నమున సంచి మోయు పోస్ట్‌మన్‌కు, డ్యూటీ ముగించి ఇల్లు చేరు ట్రాక్‌మన్‌కు ఆ నీడ అలంకారము కాదు, ఆరోగ్యము.

మొక్క నాటి ఫొటో తీయించుకొనుట సులభము. మరుసటి వేసవికి దానిని బ్రతికించుటయే కష్టము. కనీసము మూడేండ్లు నీరు పోయుటకు, వానలకు ముందు పూడిక తీయుటకు మనుషులు కావలెను. ఇప్పటికే భారము మోయుచున్న పారిశుధ్య కార్మికుల నెత్తిన ఈ పనిని ఊరక రుద్దరాదు. పనితోపాటు పోస్టులు, నిధులు మంజూరు కావలెను.

రైల్వే భూమి, పురపాలక సంఘ భూమి అను హద్దు కాగితములపై కలదు. వాన నీటికి తెలియదు. రైల్వే సోదరులు ఈ కోరికను పి.ఎన్.ఎం. ఎజెండాలో చేర్చవలెను. తపాలా సోదరులు పురపాలక సంఘమునకు మహజరు సమర్పింపవలెను. వచ్చే వానలకు ముందు ఒక్క వీధిలోనైన ఈ పని ప్రారంభింపజేయుదము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!