పచ్చికలోని నర్గిస్



ఢిల్లీ ప్రభుత్వ నివాసములలో ఏండ్ల తరబడి కాపురమున్నవారికి ఇది క్రొత్త విషయము కాదు. మాఘమాసమున ఇంటిముందరి పచ్చికలో, మనము నాటకయే, నర్గిస్ పూలు తలలెత్తును. ఆరు తెల్లని రేకులు, నడుమ పసుపుపచ్చని చిన్న గిన్నె, గుప్పుమను పరిమళము. ఎన్నడో బదిలీపై వెడలిపోయిన ఏ యిల్లాలో నాటిన గడ్డలవి. క్వార్టరు అప్పగించునపుడు వ్రాయు పట్టికలో పంకాలుండును, కుళాయిలుండును; గడ్డలుండవు.

2016లో కేంద్ర మంత్రివర్గము సరోజినీనగర్, నేతాజీనగర్ మొదలైన ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు ఆమోదము తెలిపినది. అక్కడి చెట్లకొరకు 2018లో పౌరులు హైకోర్టుకెక్కిరి. నేలలో దాగిన గడ్డల పక్షమున వకాల్తా పుచ్చుకొను వారెవరు? ఇల్లు విడుచువారే వానిని తరలించుకొనవలెను.

పూచినపుడు గుర్తించుట సులభమే. చిక్కంతయు పూలు వాడిన తరువాత, ఆకులు గడ్డిలో కలిసిపోయినపుడు. ఇక్కడివారు ప్యాజీ అను కలుపుమొక్క మరింత భ్రమ గొల్పును. నర్గిస్ ఆకు బల్లపరుపుగా, ఇంచుక నీలిచాయతో నుండును. ప్యాజీ ఆకు ఉల్లికాడవలె గుండ్రము, లోన బోలు. పెరికినచో గడ్డ యుండదు, పీచువేళ్ళే. అందుచేత పూచియున్న దినములలోనే ప్రక్కన వెదురుపుల్ల గ్రుచ్చియుంచుట మేలు.

ఇక మాలీగారి సంగతి. ఆయనకు పచ్చిక నున్నగా నుండుటే పరమార్థము. కాని వచ్చే యేటి పూవునకు వలసిన ఆహారమును గడ్డలో నింపునవి ఈ ఆకులే. పూలు వాడిన పిదప కనీసము ఆరు వారములు ఆ మేర మిషను నడపవద్దని ఆయనను బ్రతిమాలుకొనవలెను. ఆకు పూర్తిగా పసుపెక్కిన తరువాత, మొదలునకు జానెడు దూరమున పార దింపి, గడ్డ తెగకుండ పెకలింపవలెను. నీడన ఆరబెట్టి, గాలియాడు సంచిలో దాచి, అక్టోబరులో గడ్డ యెత్తునకు మూడింతల లోతున నాటవలెను. తొలియేడు పూయకున్నను నిరాశ వలదు. ఒక్క హెచ్చరిక: ఇది విషపుగడ్డ. చూపునకు అచ్చము ఉల్లిపాయయే గనుక వంటయింటి ఛాయలకు రానీయరాదు.

ఖాళీ చేయవలసిన ఉత్తరువు పచ్చని ఆకులుండగనే వచ్చినచో మట్టిపెళ్ళతో సహా లేవనెత్తి, అడుగున చిల్లులు పొడిచిన పాత డబ్బాలో నుంచి, ఆకు ఎండువరకు ఎండ తగులుచోట నీరు పోయుచుండవలెను. సామాను లారీలో ఆ డబ్బాకు చోటు దొరకకపోదు.