ఎవరి పాపమూ కాదు



అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సెక్కి, పిల్లల ఫిట్స్ చూపించడానికి బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు వచ్చే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారితో కూర్చుంటే మనకు తరచూ వినబడే మాట "ఏ శాపమో అయ్యగారూ" అని.

కొందరు పిల్లలు నుదుటి మీద, కనురెప్ప మీద ద్రాక్షరసం ఒలికినట్టు ఎర్రటి మచ్చతో పుడతారు. అందరిలో కాదు గానీ, కొందరిలో అదే వైపు మెదడు పైపొర మీది రక్తనాళాలు కూడా సరిగా ఏర్పడవు. దీన్ని స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ అంటారు. ఆ భాగానికి రక్తం సరిగా అందదు, ఫిట్స్ వస్తాయి. చాలామందికి ఏడాది నిండకముందే మొదలవుతాయి. ఆ వైపు కంట్లో ఒత్తిడి కూడా పెరగవచ్చు కాబట్టి కళ్ల డాక్టరుకూ చూపించాలి.

2013లో దీని కారణం బయటపడింది. జిఎన్ఎక్యూ అనే జన్యువులో ఒక చిన్న మార్పు. అది తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ వచ్చింది కాదు. గర్భంలో బిడ్డ ఎదుగుతుండగా ఒక కణంలో దానంతటదే జరిగింది. గ్రహణం నాడు బయట తిరిగిందని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లలో (మన విశ్వాసుల ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు) ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

ధమనులూ సిరలూ చిక్కుపడే ఏవీఎం, చిన్న గుత్తిలా ఉబ్బే కావర్నోమా వల్ల కూడా ఫిట్స్ వస్తాయి. ఎం.ఆర్.ఐ. తీస్తే తెలుస్తుంది.

మత్తయి 17లోని చాంద్రరోగిని చూపించి, ప్రతి ఫిట్సూ దయ్యమే అని బోధించేవారున్నారు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఆ లెక్కనే ప్రభువు తోసిపుచ్చాడు. అది మాత్రం వారికి గుర్తురాదు! ప్రార్థన చేద్దాం, మాత్రలూ వేద్దాం. ఒక్కసారిగా మాత్రలు ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. మందులకు లొంగనివారిలో కొందరికి ఆపరేషన్ మేలు చేస్తుంది.

ఆరాధనలో బిడ్డకు ఫిట్స్ వస్తే తాళంచెవులు చేతిలో పెట్టకండి, నోట్లో ఏమీ దూర్చకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికి తిరిగి వెళ్లాక మాత్రలు దొరక్క మానేసే పిల్లలున్నారు. కార్బమజెపైన్, సోడియం వాల్ప్రోయేట్ రెండూ జాతీయ ఆవశ్యక ఔషధాల జాబితాలో ఉన్నవే. యౌవనులారా, ఈ నెలలోనే మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అవి ఉన్నాయా అని అడగండి. లేవంటే అర్జీ మనం కలిసి రాద్దాం.