ఎగిరిపోయే ట్రాంపొలిన్

బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఒక ప్రశ్న. మీ పెరట్లో పిల్లలు గెంతే ట్రాంపొలిన్ ఉందా? అయితే ఈ మాట మీకే.

2020 ఫిబ్రవరిలో కీరా తుపాను వచ్చింది. పేరు వింటే దోసకాయ గుర్తొస్తుంది గానీ, అది మామూలు గాలి కాదు. లండన్ శివార్లలో ఒక ట్రాంపొలిన్ ఎగిరి వెళ్లి రైలు పట్టాల మీద పడింది.

అంత బరువైనది ఎలా లేస్తుంది? చుట్టూ ఉన్న వల గాలిని తెరచాపలా పట్టేస్తుంది. కింద దూరిన గాలి పైకి ఎత్తేస్తుంది. అందుకే ముందు వల విప్పేయండి. వీలైతే గెంతే పట్టా కూడా తీసేయండి. ఉత్త ఇనుప చట్రం మీద గాలికి అంత పట్టు దొరకదు.

తర్వాత కాళ్లు. మర తిప్పినట్టు నేలలోకి దిగే మేకులు దొరుకుతాయి. వాటిని దించి, కాళ్లకు పట్టీలతో బిగించండి. వానకు నేల మెత్తబడితే మేకు వదులవుతుంది, మళ్లీ చూసుకోండి. ఇసుక బస్తాలు వేస్తే కాళ్ల మీదే, పట్టా మీద కాదు. కంచెకు మాత్రం కట్టకండి. ఇక్కడి చెక్క కంచెలు ట్రాంపొలిన్ కంటే ముందే పడిపోతాయి!

గాలి మొదలయ్యాక దాన్ని పట్టుకోవడానికి బయటికి పరుగెత్తకండి. మెట్ ఆఫీస్ గాలి హెచ్చరిక వినగానే, ఆ సాయంత్రమే వల విప్పేయండి.