పాలచక్కెరను పట్టి చూపే కిరణం

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాలలో నీళ్ళు కలిపారో లేదో కిరణం వేసి చెప్పే యంత్రం వచ్చిందటగదా, మన కేంద్రానికి ఎప్పుడు తెస్తారని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. పరీక్షమీదే మీ డబ్బు ఆధారపడి ఉంది కనుక అది అడగవలసిన ప్రశ్నే.

ఆ కిరణం పేరు టెరాహెర్ట్జ్ కిరణం. రేడియో తరంగాల జాతికి చెందిన మైక్రోవేవ్‌లకూ, నిప్పు సెగలో ఉండే పరారుణ కిరణాలకూ నడుమ దీని చోటు. సెకనుకు లక్ష కోట్లసార్లు కంపిస్తే 1 టెరాహెర్ట్జ్ అంటారు. దీనికి దగ్గరి చుట్టాలైన మిల్లీమీటరు తరంగాలను 1890ల్లోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ పుట్టించి చూపారు.

ఒక్కో పదార్థం ఒక్కో రకం కంపనాన్ని మింగుతుంది. ఏది మింగిందో చూసి పదార్థాన్ని గుర్తుపడతారు. పలుకు కట్టిన పాలచక్కెర, అంటే లాక్టోజు, 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర ఎంత స్పష్టంగా మింగుతుందంటే, శాస్త్రజ్ఞులు తమ యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి దానినే వాడుతుంటారు. మన పాడికి అక్కడ కూడా పరపతి ఉందన్నమాట!

మనకు దీనితో పని పాలపొడి దగ్గర. పాలను వేడిగాలిలో తుంపరగా చల్లి ఆరబెట్టేటప్పుడు చక్కెర పలుకు కట్టేందుకు వ్యవధి ఉండదు. అప్పుడు ఆ గుర్తు కనిపించదు. సంచిలో చెమ్మ చేరితే చక్కెర పలుకు కడుతుంది, గుర్తు బయటపడుతుంది. పొడి ఉండలు కట్టి నీళ్ళలో సరిగా కలవదు. చలికాలంలో మిగిలిన పాలను పొడిగానే నిలవచేస్తాం. అది చెడితే ఆ నష్టం చివరకు మీ పాల ధరమీద పడుతుంది.

ఇక నీళ్ళ సంగతి. ఈ కిరణాన్ని నీరు బాగా పీల్చేస్తుంది. ఆ గుణంతోనే 1995లో అమెరికాలో ఒక ఆకును కోసినప్పుడూ, రెండు రోజుల తరువాతా చిత్రాలు తీసి ఎంత వాడిందో చూపారు. కానీ పాలలో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. 1 టెరాహెర్ట్జ్ కిరణం మిల్లీమీటరు మందం నీటిని దాటి రావడమే గగనం. పైగా గేదె ఇచ్చిన నీరూ, చెంబుతో పోసిన నీరూ దానికి ఒకటే.

పచ్చి పాలకు పరారుణ కిరణమే నయం. పెద్ద డెయిరీల ప్రయోగశాలల్లో వెంట్రుక మందానికి మించని పాల పొరగుండా దానిని పంపి వెన్న, మాంసకృత్తులు, చక్కెర కొలుస్తున్నారు. కనుక కిరణం వస్తుందని కేంద్రంలో లాక్టోమీటరును అటకెక్కించవద్దు. నమూనా తీసేముందు క్యానులో పాలు అడుగుదాకా కలిపారో లేదో దగ్గర నిలబడి చూసుకోండి.